మమ్మీ రోల్సా, నవ్వే క్యాప్సికమా?

అక్టోబరు 31న అమెరికాలో దెయ్యాల వేషాలు వేసి, గుమ్మడికాయల మీద ముఖాలు చెక్కే హాలోవీన్ పండుగ పార్టీకి పిల్లలు వస్తున్నారంటే నాకు రెండు వంటకాలు గుర్తుకొస్తాయి.

మొదటిది మమ్మీలు, అంటే అమ్మలు కాదు, ఈజిప్టులో గుడ్డ పట్టీలు చుట్టి భద్రపరిచిన శవాల్లా కనిపించే రోల్స్. సాసేజ్‌కు సన్నని పిండి పట్టీలు చుట్టి, కళ్లకు కాస్త చోటు వదిలి, ఓవెన్‌లో 375 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో 12 నుంచి 15 నిమిషాలు కాల్చాలి. దుకాణంలో దొరికే క్రెసెంట్ రోల్ పిండి తెచ్చుకుంటే శ్రమ తక్కువ. చుట్టే పని పిల్లలకే అప్పగించండి. వంకరటింకరగా చుట్టినవే అచ్చం మమ్మీల్లా ఉంటాయి! శాకాహారులకు సాసేజ్ బదులు పొడవాటి పనీర్ ముక్క పెడితే సరిపోతుంది. కళ్లు మాత్రం కాల్చిన తర్వాతే, మస్టర్డ్ సాస్ చుక్కలతో పెట్టాలి.

రెండోది నారింజ రంగు క్యాప్సికం. పైభాగం మూతలా కోసి, గింజలు తీసి, ముఖం చెక్కి, అన్నమూ రాజ్మా కూరి కాల్చాలి. దీనికి దాదాపు అరగంట పడుతుంది. చెక్కడం కత్తితో పని కాబట్టి పెద్దలే చేయాలి. కళ్లు, నోరు మరీ పెద్దవిగా కోస్తే కాలాక ముఖం కుంగిపోతుంది. అయినా పళ్లెంలో బుల్లి గుమ్మడికాయలా ఎంత ముద్దుగా ఉంటుందో! ఐర్లండ్‌లో పూర్వం టర్నిప్ దుంపల మీద చెక్కిన ముఖాలే అమెరికాలో గుమ్మడికాయ మీదికి వచ్చాయి.

పిల్లలు పదిమంది దాటితే నా ఓటు మమ్మీలకే. పెద్దలు తీరిగ్గా కూర్చుని తినే విందుకైతే క్యాప్సికం చేస్తాను.