బోరు మోటార్‌కు మొబైల్ స్టార్టర్: ఆరు నెలలు వాడాక

నాది నల్గొండలో ఆఫీసు ఉద్యోగం, కనగల్ దగ్గర రెండెకరాల బత్తాయి తోట, ఇన్నాళ్లూ నీళ్లు పెట్టాలంటే పొద్దున ఐదింటికే బండి తీయాల్సి వచ్చేది. ఇప్పుడు స్టార్టర్ డబ్బాలో సిమ్ ఉంది, సీట్లో నుంచే ఫోన్‌తో మోటార్ ఆన్, ఆఫ్. ఏప్రిల్‌లో నీళ్లు తగ్గి బోరు ఆగి ఆగి పోస్తుంటే స్టార్టర్ దానంతట అదే మోటార్ ఆపేసి మెసేజ్ పంపింది, లేకుంటే మోటార్ కాలిపోయేదే, బయటికి తీసి వైండింగ్ చేయించాలంటే ఎంత ఖర్చో రైతులకు తెలుసు. సిగ్నల్ మాత్రం బాగుండాలి, వాన పడ్డప్పుడు రెండుసార్లు కాల్ కలవలేదు, యాంటెన్నా పైకి కట్టాక సరైంది. రీచార్జ్ మర్చిపోవద్దు. తెలంగాణలో 2018 జనవరిలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది కదా అని, కరెంటు రాగానే మోటార్‌ను దానంతటదే నడిపే ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే నీళ్లు వృథా, ఈ మొబైల్ స్టార్టర్‌తో తడి చాలనుకోగానే ఆపేయొచ్చు. ఆదివారం తోటకు పోతాను, చెట్టు మొదట్లో మట్టి పిడికిట్లో పిసికి చూస్తే గానీ నాకు తృప్తి ఉండదు.