మహమ్మారి వస్తే సైటు ఆపాలా, క్యాంపు పెట్టి నడపాలా, సగం మందితో లాగాలా?

ఇంటి నుంచి పని అనేది డ్రాయింగులు గీసేవాళ్లకు కుదిరింది గానీ స్లాబు పోసేవాళ్లకు ఎలా కుదురుతుంది? 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఒక్కో ఊళ్లో ఒక్కోలా చేశారు. బోస్టన్ నగరంలో మార్చిలోనే చాలావరకు పనులు ఆపించేస్తే, ఇంగ్లండ్‌లో దూరం పాటిస్తూ నడుపుకోమన్నారు. ప్రభుత్వమే ఆపమంటే ఇక ఆలోచించేదేం లేదు, తాళం వేయడమే. అసలు టెన్షన్ "జాగ్రత్తగా నడుపుకోండి, మీ ఇష్టం" అన్నప్పుడే మొదలవుతుంది. నా లెక్కలో సగం మందితో లాగడం అన్నిటికన్నా నష్టం, విచిత్రమేమిటంటే ఎక్కువమంది కాంట్రాక్టర్లు చేసేది అదే.

ఎందుకు నష్టమంటే, మనుషులు సగమైనంత మాత్రాన ఖర్చు సగం కాదు. క్రేన్ అద్దె, సెంట్రింగ్ సామాను అద్దె, సైటు ఇంజనీరు జీతం, ఇన్సూరెన్స్, బ్యాంకు గ్యారంటీ కమీషన్ అన్నీ పూర్తిగానే పడతాయి. పైగా ఎత్తైన బిల్డింగులో హాయిస్టులో, అంటే పనివాళ్లను పైకి తీసుకెళ్లే లిఫ్టులో, ఇద్దరిద్దరినే పంపాలంటే పొద్దున్నే జనం పైకి చేరడానికే బోలెడు సమయం పోతుంది. పని వరస కూడా తప్పుతుంది, ఎలక్ట్రీషియన్ రాకపోతే గోడలో పైపులు పడవు, పైపులు పడకపోతే ప్లాస్టరింగ్ ఆగుతుంది, ఆ మేస్త్రీ ఖాళీగా కూర్చుంటాడు. ఇంత చేసినా జనం రోజూ ఇంటికీ సైటుకీ తిరుగుతూనే ఉంటారు కాబట్టి జబ్బు రాకుండా ఉంటుందన్న నమ్మకమూ లేదు. అదీగాక పని జరుగుతున్నట్టు రికార్డులో ఉంటుంది గనక, తర్వాత గడువు పెంచమని అడిగితే "సైటు నడిచింది కదా" అంటాడు క్లయింటు.

పూర్తిగా ఆపడం చూడటానికి ఓటమిలా ఉంటుంది గానీ, సరైన చోట ఆపితే నష్టం ఎంతో ముందే తెలుస్తుంది. ఆ "సరైన చోట" అన్నదే ముఖ్యం. పునాది తవ్వి వదిలేస్తే నీళ్లు చేరి పక్కలు కూలతాయి, బయటికి వచ్చిన కడ్డీలు తుప్పు పడతాయి, స్లాబు పోయకుండా షట్టరింగ్ (కాంక్రీటు పోయడానికి బిగించే అచ్చు) మాత్రం బిగించి వెళ్తే దాని అద్దె నెలల తరబడి ఊరికే కట్టాలి. అందుకే వార్తలు ముదురుతున్నప్పుడే ఏ దశలో ఆగాలో తేల్చుకుని, అక్కడిదాకా గట్టిగా లాగి, కడ్డీలకు సిమెంటు పాలు పూసి, కాపలా పెట్టి ఆపాలి. దీనిలో పెద్ద చిక్కు కూలీలు. సొంతూళ్లకు వెళ్లినవాళ్లు తిరిగి ఎప్పుడొస్తారో, అసలు మీ దగ్గరికే వస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. కనీసం కీలకమైన మేస్త్రీలకు, ఆపరేటర్లకు కొంత జీతం ఇస్తూ నిలుపుకోవడం, కొత్తవాళ్లను వెతికి పని నేర్పడం కంటే చవకే.

ఇక క్యాంపు. అందరూ సైటులోనే ఉండి, తిని, అక్కడే పని చేయడం. పని సాగుతుంది, కూలీలు చెదిరిపోరు. కానీ గదులు ఇరుకైతే క్యాంపే జబ్బుల పుట్ట అవుతుంది. 2020లో సింగపూర్‌లో కేసుల్లో అత్యధికం వలస కార్మికుల వసతి గృహాల్లోనే వచ్చాయి. వుహాన్‌లో వెయ్యి పడకల ఆసుపత్రిని సుమారు పది రోజుల్లో లేపారు కదా అంటారు కొందరు. ఫ్యాక్టరీలో తయారైన గదులు, వెనకాల ప్రభుత్వం, రాత్రింబవళ్లు వేల మంది! మామూలు కాంట్రాక్టరుకు ఆ పోలిక పనికిరాదు. చిన్న చిన్న జట్లుగా విడగొట్టి, ఒక జట్టు ఇంకో జట్టుతో భోజనాల దగ్గర కూడా కలవకుండా చూడగలిగితే, జబ్బు పడ్డవాళ్లను విడిగా ఉంచడానికి నాలుగు గదులు ఖాళీగా పెట్టగలిగితే క్యాంపు మేలు. పెద్ద స్థలం ఉన్న రోడ్డు, వంతెన పనులకు ఇది నప్పుతుంది, నగరం మధ్యలో ఇరుకు ప్లాటులో కట్టే అపార్ట్‌మెంటుకు నప్పదు. అక్కడ ఆపడమే నయం.

ఏది ఎంచుకున్నా ముందు కాంట్రాక్టు కాగితం తీసి చదవాలి. అంతర్జాతీయ పనుల్లో ఎక్కువగా వాడే ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) 1999లో తెచ్చిన రెడ్ బుక్ అనే నమూనా కాంట్రాక్టునే చూడండి. అంటువ్యాధి వల్ల మనుషులు, సామాను ఊహించని విధంగా దొరక్కపోతే 8.4 క్లాజు కింద గడువు పెంచుతారు, డబ్బు మాత్రం రాదు. ఫోర్స్ మెజ్యూర్ (ఎవరి చేతుల్లోనూ లేని విపత్తు) కింద వెళ్తే 14 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అదే ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి దానివల్ల ఖర్చు పెరిగితే 13.7 కింద గడువుతో పాటు డబ్బూ అడగొచ్చు. ఒకే సంఘటన అయినా, క్లాజును బట్టి చేతికొచ్చేది మాత్రం వేరు. కాబట్టి లెటరు ఏ క్లాజు పేరుతో రాస్తున్నారో చూసుకోండి, రోజువారీ రిజిస్టరులో ఎంతమంది వచ్చారు, ఏ లోడు రాలేదు అన్నది రాసి పెట్టండి.

మళ్లీ మొదలుపెట్టాక ధరల దెబ్బ వేరే ఉంటుంది. అమెరికాలో 2021 మే నాటికి కలప ధర కోవిడ్‌కు ముందున్న దానికి దాదాపు నాలుగు రెట్లకు చేరింది. ధర పెంపు క్లాజు లేని కాంట్రాక్టులో ఉన్నవాళ్లు ఇనుము, కేబుళ్ల లాంటివి ముందే ఆర్డరిచ్చి రేటు ఖాయం చేసుకోవడం మంచిది. సిమెంటు మాత్రం అలా తెచ్చి గోడౌన్‌లో పెట్టొద్దు, మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది.