క్రొయేషియా: సరిహద్దు పోయింది, చవకదనమూ పోయింది

డుబ్రోవ్నిక్‌లో మేం దిగిన అపార్ట్‌మెంట్ ఓనరు తాళాలు చేతికివ్వకముందే క్లీనింగ్‌కని 60 యూరోలు అడిగాడు. అదీ క్యాషే. బుకింగ్‌లో ఆ ఊసే లేదు. సరే అని వీధి చివర ఏటీఎంకి వెళ్తే, యూరో ఖాతాలోంచి యూరోలు తీసుకోవడానికి 4.95 ఛార్జీ అని స్క్రీన్ మీద వచ్చింది. 2023 జనవరి 1న క్రొయేషియా కూనాని వదిలేసి యూరోకి మారింది కాబట్టి మారకం నష్టం లేదు, నిజమే. మెషీన్ పెట్టినవాడి ఫీజు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇంతకీ గదేమన్నా బాగుందా అంటే, రాత్రికి 140 యూరోలు పోసి మూడో అంతస్తు ఎక్కాలి, లిఫ్ట్ లేదు. ఏసీ కింద నీళ్లు కారుతుంటే ఓనరే ముందుగా ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి ఉంచాడు. అంటే సంగతి ఆయనకి తెలుసన్నమాట! నాన్న మోకాళ్లు పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయారు. మావారు ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

అయినా అమ్మానాన్నలు అసలు క్రొయేషియా చూడగలిగారంటే అది యూరోపియన్ యూనియన్ (ఈయూ) పుణ్యమే. విజయవాడ నుంచి మ్యూనిక్‌కి మా ఇంటికి వచ్చారు, చేతిలో ఉన్నది సింగిల్ ఎంట్రీ షెంజెన్ వీసా, అంటే మధ్యలో సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల గుంపులోకి ఒక్కసారే రానిచ్చేది. క్రొయేషియా 2013 జులై 1నే ఈయూలో చేరినా, షెంజెన్‌లోకి వచ్చింది యూరోతో పాటు 2023లోనే. అంతకుముందైతే ఆ వీసా మీద స్లొవేనియా సరిహద్దు దాటితే మళ్లీ వెనక్కి రావడం కుదరదు. 2019లో మేమిద్దరమే వెళ్లినప్పుడు ఆ సరిహద్దులోనే బ్రెగానా దగ్గర ఎండలో రెండు గంటలు కార్ల వరసలో ఉన్నాం. ఈసారి అదే చోట బ్రేకు కూడా వేయలేదు.

అంతకంటే పెద్ద తేడా పెల్యెషాట్స్ వంతెన. డుబ్రోవ్నిక్ వైపు వెళ్లాలంటే మధ్యలో నేయుమ్ దగ్గర బోస్నియా సముద్రతీరం ముక్క అడ్డం వస్తుంది. పాత దారిలో కొన్ని కిలోమీటర్ల కోసం రెండుసార్లు పాస్‌పోర్టులు చూపించాలి. 2022 జులై 26న వంతెన తెరిచాక ఆ బాధ తప్పింది. ఈయూ 35.7 కోట్ల యూరోలు ఇచ్చింది, కట్టింది చైనా కంపెనీ. పొడవు 2.4 కిలోమీటర్లు, టోల్ లేదు. అది లేకపోతే రోడ్డు మీద మా వాళ్ల వీసా నేయుమ్‌లోనే ముగిసిపోయేది. పోతే, 2019లో నేయుమ్‌లో ప్రతి టూరిస్టు బస్సూ చవక సరుకుల కోసం ఆగేది. ఇప్పుడు ఆ కొట్ల బేరం ఎలా ఉందో అని నాన్నకి ఒకటే దిగులు. కిరాణా కొట్టు నడిపిన మనిషి కదా.

వంతెన దాటాక స్టోన్ అనే ఊళ్లో తిన్న భోజనం మాత్రం మర్చిపోలేను. నాన్నకి కాల్చిన చేప వచ్చింది. శాకాహారి అయిన అమ్మకి బ్లిట్వా అని ఆకుకూర, బంగాళాదుంప, వెల్లుల్లి ఆలివ్ నూనెలో మగ్గించి తెచ్చారు. "ఇది మన తోటకూర వేపుడే కదే, కారం మర్చిపోయారంతే" అని అమ్మ రెండో ప్లేటు చెప్పించింది. వాళ్లు చిన్న గిన్నెలో ఎండుమిరప పొడి తెచ్చి పెట్టారు! నలుగురికీ 74 యూరోలు. ఆ వీధిలోనే పై గది 80కి ఖాళీగా ఉందని బోర్డు చూసి మావారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

ధరల విషయం దాచకూడదు. డుబ్రోవ్నిక్ కోట గోడల టికెట్ 2019లో 200 కూనాలు, అంటే 27 యూరోల దాకా. 2025లో 40. తప్పంతా యూరోదే అనడం నాకు నచ్చదు. ఆ గోడలకి కూనా ఉన్నప్పుడే రేటు పెంచుతూ వచ్చారు. సరిహద్దు లేకపోతే జనం ఇంకా ఎక్కువ వస్తారు, వస్తే అమ్మేవాడు తగ్గించడు. చవక దేశం అని ఎవరైనా చెబితే పాత లెక్క చెబుతున్నారని అర్థం చేసుకోండి. గోడలు ఉదయం ఎనిమిదింటికే ఎక్కండి, బస మాత్రం స్టోన్‌లో పెట్టుకోండి.

తిరుగు దారిలో స్లొవేనియా పోలీసులు కారు ఆపారు. 2023 అక్టోబరు నుంచి తాత్కాలికమంటూ మళ్లీ తనిఖీలు పెట్టారు. రెండు నిమిషాల పనే గానీ అమ్మకి టెన్షన్ వచ్చేసింది. షెంజెన్ అయినా పాస్‌పోర్టులు సూట్‌కేసు అడుగున పెట్టకండి.

నాన్నకి మోస్తార్ రాతి వంతెన చూడాలని ఉండింది. స్టోన్ నుంచి రెండు గంటల ప్రయాణం, కానీ అది బోస్నియా, వెళ్తే ఆ వీసా మీద మళ్లీ వెనక్కి రాలేరు. 2022 డిసెంబరులో ఈయూ అభ్యర్థి హోదా వచ్చింది గానీ చేరడానికి ఇంకా చాలా దూరం ఉంది. ఇంట్లో పెద్దవాళ్లని తీసుకొస్తుంటే అప్లికేషన్‌లోనే మల్టిపుల్ ఎంట్రీ అడగండి, ఫీజు ఒకటే.