పాయింట్ల ఇగ్నిషన్: ఏళ్ల తరబడి వాడాక

పాత బండి అనగానే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కి మార్చేయమంటారు. తప్పు సలహా కాదు. కానీ పాయింట్లతోనే (స్పార్క్ పుట్టించే కాయిల్ కరెంటును తెరుస్తూ మూస్తూ ఉండే చిన్న స్విచ్ ఇది) ఇన్నేళ్లు నడిపాక నాకు తేలింది వేరు: పాయింట్లు చెప్పి మరీ చెడతాయి, చెప్పకుండా చేతులెత్తేసేది కండెన్సర్, అంటే పాయింట్లు తెరుచుకునేటప్పుడు వాటి మధ్య పెద్ద మెరుపు రాకుండా ఆపే చిన్న భాగం.

బండి చల్లగా ఉంటే ఒక్క కిక్కుకే అందుకుంటుంది. బాగా వేడెక్కాక మిస్ కొట్టి ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ ఏమీ ఎరగనట్టు లేస్తుంది. బండి అలా ఆగినప్పుడు పాయింట్ల కవర్ తీసి, నీడలో కిక్ కొట్టి చూడండి. సన్నటి నిప్పురవ్వ మామూలే. నీలంగా, తెల్లగా పెద్ద మెరుపు వస్తుంటే కండెన్సర్ పోయినట్టే. పాయింటు ఒక ముఖం మీద గుట్ట, ఎదుటి ముఖం మీద గుంట పడినా మొదటి అనుమానం దాని మీదే. వేడికి కాయిల్ కూడా ఇదే వేషం వేస్తుంది, కాకపోతే పాయింట్ల దగ్గర అంత మెరుపు ఉండదు.

పాయింట్ల మధ్య గ్యాప్ చాలా బళ్లకి 0.35 నుంచి 0.40 మి.మీ., మ్యాగ్నెటో (బ్యాటరీ లేకుండా తనే కరెంటు పుట్టించేది) అయితే 0.30 దగ్గర. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెదే పైమాట. పాయింట్లు పూర్తిగా తెరుచుకునేదాకా ఇంజన్ తిప్పి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల సెట్టు) రేకు కాస్త పట్టుతో జారేలా పెట్టాలి. స్క్రూ బిగించేటప్పుడు గ్యాప్ జరగడం ఖాయం, కాబట్టి బిగించాక మళ్లీ కొలవాల్సిందే. పాయింట్లను తెరిచే క్యామ్‌ని తాకే మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) వెనక్కి పోయి, బండి లాగుడు పడిపోతుంది. అందుకే ముందు గ్యాప్, ఆ తర్వాతే టైమింగ్.

టైమింగ్‌కి చిన్న బల్బు చాలు. బ్యాటరీ, కాయిల్ ఉన్న బండైతే బల్బు ఒక వైరు పాయింట్ల టెర్మినల్‌కి, రెండోది బాడీకి. స్విచ్ ఆన్ చేసి ఇంజన్‌ని నడిచే దిశలోనే మెల్లగా తిప్పితే, ఇంజన్ మీది టైమింగ్ గుర్తులు కలిసే క్షణంలో బల్బు వెలగాలి. గుర్తు దాటితే కొంచెం వెనక్కి తిప్పి సరిపెట్టకండి, గేర్ల లూజు లెక్క తప్పిస్తుంది. పని కాగానే స్విచ్ ఆపండి. పాయింట్లు మూసి ఉంటే కాయిల్ ఊరికే కాలుతుంది.

టైమింగ్ సరిగ్గా ఉన్నా కిక్కు తిరగబడి కాలిని తంతుంటే అడ్వాన్స్ యూనిట్ (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకు జరిపేది) స్ప్రింగులు సాగాయేమో చూడండి.

ఎమ్రీ కాగితం వద్దు, దాని రేణువులు పాయింట్లలో ఇరుక్కుంటాయి. సన్నటి ఆకురాయి, ఆ తర్వాత కాంటాక్ట్ క్లీనర్‌తో తడిపిన కాగితం. కొత్త సెట్టునూ ఇలాగే తుడవాలి, పైన తుప్పు పట్టకుండా పూసిన పొర ఉంటుంది. ఇన్సులేషన్ వాషర్ల వరస తప్పితే స్పార్కే రాదు. క్యామ్‌కి నూనె అందించే ఫెల్టు ముక్కకి రెండే చుక్కల నూనె, ఎక్కువైతే చింది పాయింట్ల మీదే పడుతుంది.

స్పేర్ కండెన్సర్‌ని డబ్బాలోంచి తీసి నేరుగా టూల్ కిట్‌లో వేయకండి. బండికి బిగించి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి, నిలబడిందని తేలాకే విప్పి దాచుకోండి.