కరెంటు పెట్టెకి రెండు మార్కులు, కుర్చీకి ఐదు: శ్రీకాకుళంలో ఇంటికొచ్చే ఫిజియోథెరపీ

పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన పెద్దవాళ్లని ఫిజియో కోసం రోజూ ఆటో ఎక్కించి దించడం అయ్యే పని కాదు. అందుకే శ్రీకాకుళం పట్టణంలో ఫిజియోనే ఇంటికి పిలిపించుకునేవాళ్లు ఉన్నారు. బైకు మీద వస్తారు, భుజాన సంచి ఉంటుంది, ముప్పావు గంట చేయిస్తారు, వెళ్తారు. ఇది ఏ ఒక్కరి మీదో, ఏ ఒక్క క్లినిక్కు మీదో రాసింది కాదు. ఆ ముప్పావు గంటలో దేనికి పెట్టిన డబ్బు దండగో, దేనికి కాదో చెప్పే లెక్క. మొత్తం మీద ఐదుకి మూడు మార్కులు. పోయిన రెండింట్లో ఒకటి ఇంట్లోవాళ్లే తిరిగి తెచ్చుకోవచ్చు.

మొదటి రోజు చూస్తేనే సగం తెలిసిపోతుంది. పని తెలిసినవాళ్లు వస్తూనే సంచి తెరవరు. ముందు డిశ్చార్జి కాగితాలు అడుగుతారు. మెదడులో రక్తనాళం మూసుకుందా, చిట్లిందా? సుగరుందా? రక్తం పలచబడే మందులేమన్నా వాడుతున్నారా? తర్వాత పడుకున్నప్పుడు బీపీ చూసి, నిలబెట్టాక మూడు నిమిషాల్లోపు మళ్లీ చూస్తారు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే లేవగానే కళ్లు తిరిగి పడే మనిషన్నమాట. అది డాక్టరుకి చెప్పి మందులు సరిచేయించుకోవలసిన విషయం. నీరసమని గ్లూకోజు కలిపి పట్టిస్తే తగ్గేది కాదు. పడుకున్నప్పుడే 180/110 దాటి ఉంటే ఆ రోజు ఎక్సర్‌సైజులు ఆపి డాక్టరుకి ఫోను చేయాలి.

మనిషి కాస్తో కూస్తో నడిస్తే పది మీటర్లు కొలిచి టైము చూడాలి. హాల్లో అంత చోటు లేకపోతే వీధి వరండా ఉంది. పది మీటర్లకి 25 సెకన్ల కన్నా ఎక్కువ పడితే ఆ నడక ఇంటి వరకే. పన్నెండున్నర సెకన్ల లోపు నడిస్తే బజారు దాకా వెళ్లిరాగల నడక. ఈ అంకెని తారీకు వేసి నోటుబుక్కులో రాసే ఫిజియోకి ఒక మార్కు ఎక్కువే వేయాలి. రాయకపోతే నెల తిరిగాక కూడా "కాస్త మెరుగేనండీ" అన్న మాట తప్ప చేతికేమీ మిగలదు.

ఇక ముప్పావు గంట సరిపోతుందా? సరిపోదు. 2009లో అచ్చయిన ఒక ఉత్తర అమెరికా పరిశీలనలో ఒక్కో సిట్టింగులో చేతితో చేయించిన పనుల సగటు 32, వేయించిన అడుగుల సగటు 357. మెదడు కొత్త దారి వెతుక్కోవడానికి అది చాలా తక్కువ. బ్రిటన్, ఐర్లండ్‌ల 2023 మార్గదర్శకమైతే అన్ని రకాల థెరపీలూ కలిపి రోజుకి కనీసం మూడు గంటలు, వారానికి కనీసం ఐదు రోజులు అంటోంది. మన దగ్గర ఇంటికొచ్చే సేవలో అది కుదరదు. కాబట్టి ఫిజియోని ట్యూషను మాస్టారనుకోవాలి. పాఠం చెప్పి వెళ్తారు, హోంవర్కు ఇంట్లోనే జరగాలి. ఇంట్లో ఒకరికి దగ్గరుండి నేర్పి, వాళ్ల చేత చేయించి చూసి, తప్పులు దిద్ది వెళ్లేవాళ్లే మంచి ఫిజియో. తలుపు దగ్గరగా వేసి లోపల తామే చేసేసి వెళ్లిపోతే మిగతా 23 గంటలూ వృథా.

సంచిలో ముందు బయటికొచ్చేది కరెంటు పెట్టె. చూడ్డానికొచ్చిన చుట్టాలు కూడా "కరెంటు పెడుతున్నారా?" అనే అడుగుతారు. పెట్టకపోతే డబ్బులకి మోసపోయామని ఇంట్లోవాళ్లకి అనిపిస్తుంది. అన్ని పెట్టెలూ ఒకటి కావు. టెన్స్, ఐఎఫ్‌టీ అనేవి నొప్పికి. వాటితో పడిపోయిన చెయ్యి లేవదు. కండరాన్ని కదిలించే స్టిములేటరు వేరు. మణికట్టునో పాదాన్నో పైకి లేపే కండరం మీద ప్యాడు సరిగ్గా పెడితే అది అక్కరకొస్తుంది. ఒకటే షరతు. కరెంటు వచ్చిన ప్రతిసారీ రోగి కూడా తన చెయ్యి లేపడానికి ప్రయత్నించాలి. ఫ్యాను వైపు చూస్తూ పడుకున్న మనిషి చేతిని పెట్టె ఇరవై నిమిషాలు ఎగరేస్తే మెదడుకి పట్టేదేమీ ఉండదు. స్పర్శ తెలియని చోట మంట పుట్టినా చెప్పలేరు, అందుకని ప్యాడు తీశాక చర్మం చూడాలి. పేస్‌మేకరు ఉన్నవాళ్లకి గుండె డాక్టరు సరే అనకుండా పెట్టకూడదు. సిట్టింగులో సగం కరెంటుకే పోతే ఐదుకి రెండు మార్కులకి మించి వేయలేం.

ఐదుకి ఐదూ ఇవ్వాల్సింది ఇంట్లో ఉన్న కుర్చీకి. కూర్చుని లేవడం వస్తే మంచం దిగడం, బాత్రూముకి వెళ్లడం, ఒకరి సాయం తగ్గడం అన్నీ దాని వెంటే వస్తాయి.

చేతులున్న గట్టి కుర్చీ కావాలి. ప్లాస్టిక్‌దైతే కుర్చీ వీపు గోడకి ఆనించండి, లేకపోతే గచ్చు మీద జారుతుంది. మామూలు సీటు 18 అంగుళాల ఎత్తుంటుంది. మొదట్లో అక్కణ్ణించి లేవలేరు. మడతలు పెట్టిన గట్టి బొంత వేసి 20, 21 అంగుళాలకి తేవాలి. దూది దిండు వేయకండి. అందులోకి దిగిపోతే లేవడం ఇంకా కష్టం. నవారు మంచంతోనూ ఇదే చిక్కు. నడిమికి కుంగి, మోకాళ్ల కన్నా నడుము కిందికి పోతుంది. బిగించి అల్లించండి, లేదా చెక్క మంచానికి మార్చండి.

ముందుగా సీటు అంచుకి జరగాలి. మడమలు మోకాళ్ల కన్నా నాలుగు వేళ్లు వెనక్కి రావాలి. పడిపోయిన కాలు ఇంకో రెండు వేళ్లు వెనక ఉండాలి. వెనకున్న కాలి మీదే బరువు ఎక్కువ పడుతుంది. అలా పెట్టకపోతే మంచి కాలే మొత్తం మోసేసి, రెండోది ఊరికే సాక్షి సంతకానికి నిలబడినట్టు ఉండిపోతుంది. మంచి చేత్తో బలహీనమైన చేతిని పట్టుకుని, రెండూ ముందుకి చాపి, ముక్కు కాలివేళ్లని దాటేదాకా వంగి, అప్పుడు లేవాలి. లేవలేనివాళ్లలో చాలామంది తప్పు ఇక్కడే. పడిపోతామన్న భయంతో వెనక్కి వాలి లేవబోతారు. కూర్చునేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. దబ్బున కూలబడితే ఆ సారి లెక్కలోకి రాదు.

సాయం పట్టేవాళ్లు బలహీనమైన వైపు నిలబడి, తమ మోకాలితో ఆ మోకాలిని అడ్డుకుని, నడుముకి కట్టిన తుండుగుడ్డ పట్టుకోవాలి. చంకలో చెయ్యేసి లేపకూడదు. రోజుకి ఆరు విడతలు, విడతకి ఐదుసార్లతో మొదలెట్టి పదికి పెంచండి. పది సునాయాసంగా వచ్చిన రోజు బొంతలో ఒక మడత తీసేయండి. ఛాతీ నొప్పి, తల తిరగడం, మాట రానంత ఆయాసం ఉంటే వెంటనే ఆపాలి.

చంకలో చెయ్యి ఎందుకు వద్దంటే భుజం కోసం. పక్షవాతం వచ్చిన కొత్తల్లో భుజం కండరాలు వదులైపోయి, చేతి ఎముక గూట్లోంచి ఒక వేలు మందాన కిందికి జారి ఉండొచ్చు. చెయ్యి పట్టి లాగినా, చంకలో ఎత్తినా లోపల నలిగి నొప్పి పట్టుకుంటుంది. నొప్పి మొదలైతే ఎవర్నీ చెయ్యి ముట్టుకోనివ్వరు, దాంతో ఉన్న కాస్త వ్యాయామమూ ఆగిపోతుంది. తలుపుకి తగిలించి తాడుతో చేతిని పైకి లాగే కప్పీ కొనమంటే కొనకండి. 1990 నాటి ఒక చిన్న పరిశోధనలో కప్పీ వాడినవాళ్లలో 62 శాతానికి భుజం నొప్పి వచ్చింది. థెరపిస్టు చేత్తో కదిపించినవాళ్లలో వచ్చింది 8 శాతానికే. మొదట్లో భుజం ఎత్తుకి మించి లేపకుండా, బొటనవేలు పైకి ఉండేలా తిప్పి, వెనక రెక్క ఎముకని కూడా కదిలిస్తూ చేయించాలి. మెడకి తగిలించే చేతి పట్టీ నిలబడి నడిచేటప్పుడే. కూర్చున్నప్పుడు చెయ్యి దిండు మీద ఉండాలి. రోజంతా పట్టీలోనే ఉంచితే మోచెయ్యి మడతలోనే బిగుసుకుపోతుంది. చొక్కాగానీ జాకెట్టుగానీ తొడిగేటప్పుడు బలహీనమైన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర.

నూనె మర్దన గురించి అడక్కుండా ఏ ఇల్లూ ఊరుకోదు. మెత్తగా రాస్తే హాయిగా ఉంటుంది, అంతవరకే. కాలి పిక్క ఒకవైపే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం చెయ్యి వేయకూడదు. లోపల రక్తం గడ్డ ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రిలో చూపించాలి. ఇసుక మూట కాపడం, వేడి ఇటుక కాపడం స్పర్శ లేని చోట పెడితే బొబ్బలెక్కాకే తెలుస్తుంది.

పిసకమని ఇచ్చే రబ్బరు బంతికి ఒక్క మార్కు. వేళ్లు మూసుకోవడం చాలామందికి దానంతట అదే వస్తుంది. రానిది తెరవడం. ఇత్తడి చెంబు చుట్టూ వేళ్లు చాపి పట్టి వదలడం, బల్ల మీద గుడ్డ పరిచి అరచేత్తో ముందుకి తోయడం, పళ్లెంలో చింతపిక్కలు ఒక్కొక్కటే తీసి గిన్నెలో జారవిడవడం, ఇవి చేయించండి. జారవిడవడమే అందులో అసలు పని.

కర్ర మంచి చేతిలో ఉండాలి. బలహీనమైన వైపు పట్టుకోవాలనుకునేవాళ్లే ఎక్కువ. చెప్పులతో నిలబడి చెయ్యి వేలాడదీస్తే పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. ముందు కర్ర, తర్వాత బలహీనమైన కాలు, ఆపైన మంచి కాలు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైనది ముందు. నాలుగు కాళ్ల కర్ర నున్నటి గచ్చు మీద బాగుంటుంది. నాలుగూ ఒకేసారి ఆనని మట్టి వాకిట్లో ఊగుతుంది, దానికన్నా ఒంటి కర్ర నయం. రాష్ట్రీయ వయోశ్రీ యోజన, 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది, దాని కింద పేద వృద్ధులకి కర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు. ఉచితంగా వచ్చిన కర్రకైనా బటను నొక్కి ఎత్తు సరిచేసుకున్నాకే వాడాలి.

పాదం వేలాడేవాళ్లకి పెట్టే ప్లాస్టిక్ స్ప్లింటు మంచి వస్తువే, కానీ బూటు లోపల పెట్టుకోవడానికి చేసింది. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయటే ఉంటాయి. వట్టి స్ప్లింటుతో గచ్చు మీద నడిస్తే జారుతుంది. ఇంట్లోకని వెనక పట్టీ ఉన్న శాండిల్ ఒక జత విడిగా ఉంచండి. లోపల నూలు మేజోడు తప్పనిసరి. మొదటి రోజులు గంట, రెండు గంటలే. తీశాక పడిన ఎర్రమచ్చ అరగంటలో పోకపోతే, స్ప్లింటు చేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఆ చోట వెడల్పు చేయించాలి. సుగరు ఉన్నవాళ్లకి ఆ మచ్చే పుండవుతుంది.

జిల్లా ఉత్తరాన ఉన్న ఉద్దానం వైపు మాట విడిగా చెప్పాలి. అక్కడి కవిటి నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాటే, రోజూ పట్నం ఫిజియో అక్కడికి రారు. వారానికొకసారి పాఠం, మిగతాది వీడియో కాల్లో చూసి దిద్దడం, అదే నడిచే పద్ధతి. అక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి రెండు జాగ్రత్తలు. కండరాల బిగుతుకి ఇచ్చే బాక్లోఫెన్ చాలామటుకు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీ పాడైన మనిషిలో అది పేరుకుపోయి మత్తు, తికమక మాటలు వస్తాయి. మళ్లీ పక్షవాతం వచ్చిందేమోనని కంగారుపడేలోపు వేసుకుంటున్న మందుల చీటీ డాక్టరుకి చూపించండి. భుజం నొప్పికని మెడికల్ షాపులో అడిగి కొనే నొప్పి బిళ్లలు కూడా అంతే ప్రమాదం. డయాలసిస్ ఫిస్టులా (సూది గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, బరువుతో ఒత్తకూడదు. ఈ ప్రశ్నలు అడగని ఫిజియో ఆ వైపు పనికి ఇంకా సిద్ధం కానట్టే.

కదలికలు మందగించి ఒళ్లు బిగుసుకుపోయే పార్కిన్సన్ జబ్బు వాళ్లకి ఈ సేవలో లోటు ఎక్కువ. వాళ్లనీ పక్షవాతం కోవలోనే వేసి కాళ్లు చేతులు వంచి చాపి వెళ్లిపోతారు. వాళ్లకి కావలసింది పెద్ద పెద్ద కదలికలు, అవీ మందు పనిచేస్తున్న వేళలో. బిళ్ల వేసిన ముప్పావు గంటకో గంటకో సిట్టింగు పెట్టించండి. గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోయేవాళ్లకి నేల మీద అడుగున్నరకొక రంగు టేపు అడ్డంగా అతికిస్తే, దాన్ని దాటుతూ కదులుతారు. చెయ్యి పట్టి లాగితే ముందుకి పడతారు.

ముప్పై సిట్టింగులకి ఒకేసారి డబ్బు కట్టమంటే ఒప్పుకోకండి. ఆరు సిట్టింగులకి కట్టి, ఆరో రోజు మళ్లీ పది మీటర్లు నడిపించి టైము చూడండి. మొదటి రెండు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికి మూడు, ఇంట్లోవాళ్లకి చెయ్యి తిరిగాక వారానికొకటి చాలు. మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, కాబట్టి ఖర్చు పెట్టగలిగినంత అప్పుడే పెట్టండి. మే నెల ఎండల్లో ఉదయం ఎనిమిది లోపు వచ్చేవాళ్లనే మాట్లాడుకోండి.