అరవై దాటాక షటిలా, పికిల్‌బాలా?

మా వీధి చివర సిమెంటు కోర్టులో నెట్‌కి అటూ ఇటూ రెండేసి గీతలుంటాయి. నెట్ నుంచి ఆరున్నర అడుగుల దగ్గర తెల్ల పెయింటుతో వేసింది షటిల్ వాళ్ళ సర్వీసు గీత. దానికి అర అడుగు వెనక, వాన పడి చెరిగినప్పుడల్లా మేం సుద్దతో మళ్ళీ గీసుకునేది పికిల్‌బాల్ గీత. మా ఆయనది తెల్ల గీత, నాది సుద్ద గీత. ఆయనకి 69, నాకు 66. ఇక్కడే, ఒడిశాలోని బరంపురంలోనే పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు పర్లాకిమిడి నుంచి మా ఆడపడుచు, రాయగడ నుంచి మా వియ్యపురాలు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "వదినా, ఈ వయసులో ఏది ఆడితే మేలు?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో సగం సగం చెప్పేకంటే నాకు తెలిసిందంతా ఒకచోట రాసేస్తే నయమనిపించింది.

ముందు ఒక మాట. ఈ రెండాటలకీ కోర్టు ఒకటే. పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. 1965లో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ అనే దీవిలో పికిల్‌బాల్ పుట్టిందే ఒక పాత షటిల్ కోర్టు మీద. చేతిలో షటిల్ సామాను లేక టేబుల్ టెన్నిస్ బ్యాట్లూ, చిల్లుల ప్లాస్టిక్ బంతీ తీసుకుని ఆడారు. మొదట నెట్‌ని షటిల్ ఎత్తులోనే, అంటే 60 అంగుళాల దగ్గరే కట్టారు. బంతి నేల మీద బాగా లేస్తోందని గమనించి తర్వాత 36 అంగుళాలకి దించారు. నన్నడిగితే పెద్దవాళ్ళకి ఈ ఆటలో దొరికే మేలంతా ఆ నెట్ దించడంలోనే ఉంది.

ఎందుకంటే నెట్ ఎత్తునిబట్టే మన చెయ్యి ఎక్కడిదాకా లేవాలో తేలుతుంది. షటిల్‌లో కాక్ నేలని తాకకూడదు, అయిదడుగుల నెట్ దాటాలి. అందుకని చెయ్యి ఎప్పుడూ భుజం మీదుగానే లేస్తుంది, మెడ పైకి తిరిగే ఉంటుంది, కాళ్ళు వెనక్కి పరిగెడుతూనే ఉంటాయి. ఆ ఆటకి ప్రాణమే స్మాష్, అంటే చెయ్యి పైకెత్తి కాక్‌ని కిందకి బలంగా బాదడం. మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2023లో జపాన్‌లో కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి గిన్నిస్ రికార్డయింది. చూడ్డానికి ఒళ్ళు పులకరిస్తుంది. కానీ 65 ఏళ్ళ భుజానికి ఆ దెబ్బ అరువు తెచ్చుకోకూడదు. షుగర్ ఉన్నవాళ్ళలో భుజం పట్టేయడం మామూలుకంటే ఎక్కువ. మా కాలనీలో చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేక బాధపడే ఆడవాళ్ళే నలుగురున్నారు. వాళ్ళని షటిల్‌కి రమ్మనలేను, పికిల్‌బాల్‌కి మాత్రం ధైర్యంగా పిలిచాను.

పికిల్‌బాల్‌లో సర్వీసు నడుము కిందనుంచే చెయ్యాలి. ఆ సర్వీసు ఒకసారి నేల తాకాకే కొట్టాలి, తిరిగొచ్చిన బంతిని కూడా ఒకసారి తాకనిచ్చే కొట్టాలి. ఆ గెంతు మనకి ఒక లిప్త కాలం ఇస్తుంది. అరవై దాటినవాళ్ళకి ఆ లిప్త చాలా విలువైంది. నెట్‌కి ఏడడుగుల లోపల ఉన్న చోటుని 'కిచెన్' అంటారు. అందులో నిలబడి బంతిని గాల్లో ఉండగా కొట్టకూడదు, నేల తాకిన బంతినైతే లోపలికెళ్ళి కొట్టొచ్చు. అంటే నెట్ మీదకొచ్చి ఎదుటివాళ్ళ మొహం మీదకి బాదే అవకాశం ఎవరికీ ఉండదు. ఆట 11 పాయింట్లకి, రెండు తేడాతో గెలవాలి. డబుల్స్‌లో ప్రతి సర్వీసుకీ ముందు మూడంకెలు పిలవాలి: సర్వీసు చేసేవాళ్ళ స్కోరు, అవతలివాళ్ళ స్కోరు, ఆ జట్టులో సర్వీసు చేస్తున్నది ఒకటో మనిషా, రెండో మనిషా అని. మా కోర్టులో ఒకరు "నాలుగు, ఆరు, రెండు" అంటే ఇంకొకరు ఒడియాలో "చారి, ఛఅ, దుయి" అంటారు. జ్ఞాపకశక్తికి ఇది మంచి సాధన. మొదటి నెలంతా నాకు మూడో అంకె గుర్తుండేది కాదు, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మేం కొత్త నెట్ కొనలేదు. షటిల్ నెట్‌నే దించి కట్టాం. నా కుట్టుపెట్టె లోని టేపు తెచ్చి, చివర్లలో 36, నడిమధ్యలో 34 అంగుళాలు కొలిచి ముడివేశాను. షటిల్ నెట్ లోతు 30 అంగుళాలే కాబట్టి కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల సందు మిగిలి, బంతి దొర్లి అవతలికి పోయేది. దాన్ని ఆపబోయి కాలు వేసి జారినవాళ్ళున్నారు. కింద ఒక పాత చీర అంచు వరసగా కుట్టేశాను, ఆ బెడద తీరింది.

ఇక మా ఇంట్లో జరిగింది చెప్పాలి. ఇన్నాళ్ళూ షటిల్ ఆడినా మా ఆయనకి ఏమీ కాలేదు. నా పోరు పడలేక పికిల్‌బాల్‌కి వచ్చిన రెండో వారంలోనే పడ్డారు. అవతలినుంచి బంతి ఆయన తల మీదుగా లేచింది. కాలేజీ రోజుల్లో పసుపు ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడిన మనిషి, ఆ తర్వాత నలభై ఏళ్ళ షటిల్. ఒంట్లో ఉన్నది ఒకటే అలవాటు: కళ్ళు బంతి మీద పెట్టి వెనక్కి వెనక్కి అడుగులు వెయ్యడం. "ఏటండీ అలా వెనక్కెళ్ళిపోతున్నారు!" అని నేను అరిచేలోపు మడమ తగులుకుని వెల్లకిలా పడ్డారు. తల తగలకుండా కుడిచెయ్యి వెనక ఆనించారు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. 6 వారాలు కట్టు. అన్నం నేనే కలిపి పెట్టాను. పికిల్‌బాల్ ప్రమాదమని మా బంధువులందరూ తేల్చేశారు. నేనొప్పుకోను. ఆయన్ని పడేసింది పికిల్‌బాల్ కాదు, ఆట మారినా మారని ఆ వెనకడుగు.

ఈ ఆటలో పెద్దవాళ్ళు పడేది ఎక్కువగా ఇలాగే. దీనికి మేం పెట్టుకున్న కట్టుబాటు ఒకటే. తల దాటిన బంతిని వదిలెయ్యాలి. తియ్యాలనే ఉంటే ముందు పక్కకి తిరిగి, ఎటు వెళ్తున్నామో చూసుకుంటూ ముందుకు నడిచినట్టే నడిచి వెళ్ళాలి. ఛాతీ నెట్‌వైపు, అడుగు వెనక్కి అనేది మాత్రం ఎవ్వరూ చెయ్యకూడదు. బంతి లేవగానే కోర్టులో ఉన్న మిగతా ముగ్గురూ "వదిలెయ్" అనో, అదే మాట ఒడియాలో "ఛాడంతు" అనో గట్టిగా అనాలి. అవతలి జట్టు కూడా అనాలి. షటిల్‌లో ఇలాంటి కట్టుబాటు పెట్టుకుంటే ఆటే మిగలదు, ప్రతి రెండో కాక్ తల మీదుగానే వస్తుంది. పికిల్‌బాల్‌లో పది పాయింట్లకి ఒకటి పోతుందేమో. అందుకే నా మొగ్గు దీనివైపు.

అయితే పికిల్‌బాల్‌కి దాని ఇబ్బందులు దానికున్నాయి. పది నిమిషాల్లో పట్టుబడిపోతుంది కాబట్టి మొదటిరోజే రెండు గంటలు ఆడేస్తారు. పిక్క, మడమ పైన నరం పట్టేసేది అప్పుడే. మొదటి పదిహేను రోజులూ అరగంట, అదీ రోజు విడిచి రోజు చాలు. బంతి కిందకే వస్తుంది కాబట్టి నడుము వంచేస్తాం. మోకాళ్ళు కాస్త మడిచి అందుకోవాలిగానీ నడుము నుంచి వంగకూడదు. షటిల్ బ్యాట్ గాలిలా ఉంటుంది, ప్యాడిల్ అనే పికిల్‌బాల్ బ్యాట్ బరువు రెండు వందల గ్రాములు దాటుతుంది. దాన్ని బిగించి పట్టుకుంటే నెల తిరిగేసరికి మోచెయ్యి నొప్పి. పిచ్చుక పిల్లని పట్టుకున్నంత పట్టు చాలు. సింగిల్స్ మన జోలి కాదు, ఎప్పుడూ డబుల్సే.

కళ్ళద్దాల సంగతి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. మనలో చాలామందివి పైన దూరానికీ కింద చదవడానికీ ఉండే అద్దాలు. వాటితో కిందకొచ్చే బంతిని చూస్తే చదివే భాగంలోంచి చూసినట్టవుతుంది. బంతీ మసకే, నేలా మసకే, అడుగు అంచనా తప్పుతుంది. ఆటకోసం దూరపు చూపుకి మాత్రమే పనికొచ్చే అద్దాలు వేరే చేయించుకోండి, అవీ గాజువి కాకుండా పాలీకార్బొనేట్‌వి. బంతి పాతిక గ్రాములే అయినా కంటికి తగిలితే చిన్న దెబ్బ కాదు. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు సరేనన్నాకే రావాలి.

చెప్పులతోనూ, నడకకి కొనుక్కున్న మెత్తటి రన్నింగ్ బూట్లతోనూ ఆడొద్దు. ఆ బూట్లు ముందుకు నడవడానికి చేసినవి, మడమ ఎత్తుగా ఉంటుంది. పక్కకి అడుగేస్తే చీలమండ మడత పడుతుంది. షటిల్ ఆడే బూట్లు రెండాటలకీ పనికొస్తాయి. ఆడవాళ్ళు చీర పక్కన పెట్టి సల్వార్ వేసుకుంటే నయం, దుపట్టా కూడా ఇంట్లోనే వదిలి రండి.

ఖర్చు విషయం తేలికే. ఈక కాక్ ఒకటి రెండు ఆటలకే విడిపోతుంది, ప్లాస్టిక్ బంతి వారాలు వస్తుంది. పగులు కనిపిస్తే మాత్రం వెంటనే పారెయ్యాలి, అడ్డదిడ్డంగా గెంతుతుంది. గోపాలపూర్ సముద్రం వైపు నుంచి గాలి లేచిందంటే బయట షటిల్ ఆడలేం, అయిదు గ్రాముల కాక్ ఎటు పోతుందో తెలీదు. బంతి ఆ గాలికి కాస్త ఆగుతుంది.

ఉదయమా, సాయంత్రమా అనేది మన ఊళ్ళ వాతావరణాన్నిబట్టే తేల్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో బరంపురంలో అయిదున్నరకే బాగా వెలుతురు వస్తుంది. ఏడు దాటకుండా ముగించెయ్యాలి. ఇక్కడి ఉక్కలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. దాహం వేసేదాకా ఆగకుండా ఆట ఆటకీ నాలుగు గుక్కలు తాగాలి. ఇంటికెళ్ళాక పలుచటి మజ్జిగో, పఖాళ (ఒడియావాళ్ళ చద్దన్నం) నీళ్ళో. గుండె జబ్బుకో కిడ్నీకో నీళ్ళు తగ్గించమన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి. వానాకాలంలో సిమెంటు మీద పాచి పడుతుంది, చీపురుతో గట్టిగా తోమి ఆరాకే ఆట. శీతాకాలం తెల్లవారుజామున మంచు తడి ఉంటుంది. పైగా చలిలో బీపీ పెరుగుతుంది. అందుకని అప్పుడు ఎనిమిదిన్నరకి గానీ మేం మొదలుపెట్టం. ఏ కాలమైనా మొదటి పది నిమిషాలు చేతులు తిప్పడం, మడమలెత్తి దించడం, పక్కకి నాలుగడుగులు వేసి రావడం.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు పరగడుపున రాకండి. ఆట చెమటా, షుగర్ పడిపోయినప్పటి చెమటా ఒకేలా ఉంటాయి. చేతులు వణికి, కళ్ళు తిరిగినట్టుంటే ఆట ఆపి వెంటనే పంచదారో గ్లూకోజో నోట్లో వేసుకోవాలి. నెట్ స్తంభానికి ఒక డబ్బా కట్టి ఉంచాం. గుండె వేగం తగ్గించే బీపీ మాత్రలు వాడేవాళ్ళు చేతి వాచీలో అంకె చూసి నిబ్బరపడకూడదు, ఆ మాత్రలు అంకెని పెరగనివ్వవు. పక్కవాళ్ళతో మాట్లాడగలుగుతున్నామా అన్నదే కొలత. మాట తెగి తెగి వస్తుంటే కూర్చోవాలి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి వస్తే పాయింటు పూర్తయ్యేదాకా కూడా ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్ళాలి.

మరి నడక చాలదా అని మా వియ్యపురాలి ప్రశ్న. ఈమధ్యే స్టెంట్ వేయించుకున్నవాళ్ళకీ, అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకీ, మోకాలు వాచి ఉన్నవాళ్ళకీ ముందు నడకే, అందులో అనుమానం లేదు. కానీ 65 దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమతో పాటు మూడు రోజులైనా ఒంటి తూకం నిలబెట్టే కసరత్తు కూడా చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తిన్నగా నడిస్తే ఆ రెండోది అంతగా దొరకదు. పక్కకి అడుగెయ్యడం, ఆగడం, మళ్ళీ కదలడం ఆటలోనే ఉంది. నేను వారంలో మూడు రోజులు ఆడి, మిగతా రోజులు నడుస్తాను.

మా ఆయన దగ్గర ఒక కాగితం ఉంది. కోపెన్‌హేగెన్‌లో 8,500 మందికి పైగా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనం. ఏ కసరత్తూ చెయ్యనివాళ్ళకంటే టెన్నిస్ ఆడేవాళ్ళు 9.7 ఏళ్ళు, షటిల్ ఆడేవాళ్ళు 6.2 ఏళ్ళు, జాగింగ్ చేసేవాళ్ళు 3.2 ఏళ్ళు ఎక్కువ బతికారని లెక్క. అందులో పికిల్‌బాల్ లేదు. ఆయన దాన్ని నాకు చాలాసార్లు చదివి వినిపించారు. అది గమనించి రాసిన లెక్కేగానీ ఆటవల్లే ఆయుష్షు పెరిగిందని రుజువు కాదు. ఆరోగ్యం ఉన్నవాళ్ళే ఆడి ఉండొచ్చు. అయినా నాకు అందులో కనిపించేది వేరు. ముందు వరసలో ఉన్న రెండూ మనుషులు కలిసి ఆడేవే. ఒకరు రాకపోతే మిగతా ముగ్గురూ ఫోన్ చేస్తారు. మా నాలుగిళ్ళలోనూ పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్నారు. పొద్దున్నే "ఏం రాలేదు, ఒంట్లో బాగుందా?" అని అడిగేది ఈ కోర్టే.

ఎప్పటినుంచో ఆపకుండా షటిల్ ఆడుతూ, భుజమూ మోకాళ్ళూ సహకరిస్తున్నవాళ్ళని నేను మానెయ్యమనను. ఇండోర్ కోర్టు, చెక్క నేల దొరికితే, డబుల్స్‌లో ముందు వైపు నిలబడి ఆడుకోండి. అరవై దాటాక కొత్తగా మొదలుపెట్టేవాళ్ళూ, ఏళ్ళ విరామం తర్వాత మళ్ళీ వచ్చేవాళ్ళూ సుద్ద గీత దగ్గరికే రండి.

కట్టు విప్పి, చేతికి వ్యాయామాలు చేయించుకుని, డాక్టరు సరేనన్నాక మా ఆయన మొన్ననే మళ్ళీ కోర్టుకొచ్చారు. నా పక్కనే, కిచెన్ గీత వెనక నిలబడ్డారు. 'నైన్, నైన్, టూ' దగ్గర ఆయన తల మీదుగా బంతి లేచింది. కుడికాలు వెనక్కి కదలబోయి ఆగింది. నేనూ, అవతలి ఒడియా మాస్టారూ ఒక్కసారే అరిచాం, నేను "వదిలెయ్యండి" అని, ఆయన "ఛాడంతు" అని. బంతి గీతకి జానెడు లోపల పడింది. మా ఆయన తిరిగి, నడుచుకుంటూ వెళ్ళి, మోకాళ్ళు మడిచి బంతి తీసుకుని అవతలివాళ్ళకి విసిరారు.