స్థానిక సంస్థ జంతు సంరక్షణ కేంద్రం: డాక్టరు అక్కడే ఉన్న ఏడాది

మా స్థానిక సంస్థ నడిపే జంతు సంరక్షణ కేంద్రానికి నేను మూడేళ్లుగా వెళ్తున్నాను. మొదట ఒక కుక్కను దత్తత తీసుకోవడానికి వెళ్లి, ఆ తరువాత వారానికి రెండు పూటలు బోనులు కడిగి కుక్కలను నడిపించే పనిలో చేరాను. మొదటి రెండేళ్లు అక్కడి వైద్యం ఒక బయటి క్లినిక్‌తో ఒప్పందం మీద సాగింది. డాక్టరు మంగళవారం, శుక్రవారం వచ్చేవారు. గత ఏడాదిగా పూర్తికాలపు పశువైద్యురాలు అక్కడే ఉద్యోగంలో ఉన్నారు.

పాత పద్ధతిలో జరిగిన ఒక సంఘటన నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఒక శుక్రవారం డాక్టరు వెళ్లిపోయాక, సాయంత్రం ఒకే ఈతలో పుట్టిన ఐదు కుక్కపిల్లల్లో ఒకదానికి వాంతులు మొదలయ్యాయి. మంగళవారం దాకా ఆగమన్నారు. అది పార్వో, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే ప్రాణాంతక వైరస్ జబ్బు. పార్వో వైరస్ సోకిన పిల్లల్లో చాలా మరణాలు లక్షణాలు కనిపించిన 48 నుంచి 72 గంటల్లోపే సంభవిస్తాయి. మంగళవారం డాక్టరు వచ్చేసరికి మూడు పిల్లలు చనిపోయాయి. ఆ డాక్టరు చేతకానివారు కారు. జబ్బు తీవ్రమైన ఆ మూడు రోజులూ ఆయన అక్కడ లేరు, అంతే.

ఇప్పుడు ప్రతి ఉదయం తలుపులు తెరవకముందే రౌండ్ జరుగుతుంది. డాక్టరు ముందుగా ఆరోగ్యంగా ఉన్న పిల్లలను, తరువాత పెద్దవాటిని చూసి, వేరుగా ఉంచిన జబ్బు జంతువుల గదికి చివరగా వెళ్తారు, అక్కడి వైరస్ చెప్పులకు అంటుకుని పిల్లల దగ్గరికి రాకుండా. నీరసంగా ఉన్న పిల్ల కనిపిస్తే పెదవి పైకెత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదులుతారు. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రాకపోతే వెంటనే సెలైన్ పెట్టే ఏర్పాటు చేస్తారు. కొత్తగా వచ్చిన ప్రతి జంతువుకూ బోనులోకి పంపే ముందే టీకా వేస్తారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం పిల్లల్లో టీకా పూర్తిగా పట్టకపోవచ్చు కనుక, రెండు మూడు వారాలకొకసారి మళ్లీ వేస్తున్నారు.

ఆమె చేసిన పనుల్లో అన్నిటికన్నా నాకు విలువైనదిగా తోచింది శుభ్రపరిచే ద్రవాన్ని మార్పించడం. మేము ఏళ్ల తరబడి వాడిన సువాసన ద్రవం పార్వో వైరస్‌ను చంపదని ఆమె చెప్పేదాకా మాలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ముందుగా మలినాన్ని సబ్బునీళ్లతో పూర్తిగా కడిగి, తరువాత పలుచన చేసిన బ్లీచ్ ద్రావణాన్ని పోసి, నేల పది నిమిషాలు తడిగా ఉండేలా చూస్తున్నాము. ఆపరేషన్‌కు ఇంత, రాకకు ఇంత అని లెక్కకట్టే ఒప్పందంలో ఇలాంటి పనికి చోటు ఉండదు. డాక్టరు మా పక్కన నిలబడి బకెట్టులోకి చూశారు కనుకనే అది జరిగింది.

దత్తత ఇచ్చే తీరు కూడా మెరుగుపడింది. నేను తెచ్చుకున్న కుక్క రెండో రోజే దగ్గడం మొదలుపెడితే, కేంద్రంలో అడగడానికి ఎవరూ లేరు. ఇప్పుడు టీకాల తేదీలున్న కార్డు ఇచ్చి, డాక్టరే స్వయంగా మాట్లాడి పంపుతున్నారు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా కేంద్రం దాటకముందే పూర్తవుతోంది. పూర్వం తరువాత తెచ్చి చేయించుకొమ్మంటే చాలామంది తీసుకొచ్చేవారు కారు.

లోపాలూ ఉన్నాయి, అవి చిన్నవి కావు. డాక్టరు ఒక్కరే. ఆమె మూడు వారాలు సెలవులో ఉన్నప్పుడు పాత పరిస్థితే తిరిగి వచ్చింది. చేయి అందించే శిక్షణ పొందిన సహాయకులు లేరు. సూది పట్టుకున్న డాక్టరే కుక్కనూ పట్టుకోవలసి వస్తోంది. అంతకన్నా ముఖ్యంగా, ఎన్ని జంతువులను చేర్చుకోవాలన్నది నిర్ణయించే అధికారం ఆమెకు లేదు. అమెరికాలోని షెల్టర్ (జంతు సంరక్షణ కేంద్రాల) పశువైద్యుల సంఘం 2010లో వెలువరించి 2022లో సవరించిన మార్గదర్శకాలు, సంరక్షించగల శక్తికి మించి జంతువులను ఉంచడం ఆమోదయోగ్యం కాదని స్పష్టంగా చెబుతున్నాయి. ఇక్కడ మాత్రం రెండింటికి సరిపోయే బోనులో నాలుగు ఉంటున్నాయి. అలాంటి చోట ఎంత మంచి డాక్టరైనా జబ్బు వెనకాల పరుగెత్తవలసిందే.

అయినా ఈ కేంద్రం నుంచి దత్తత తీసుకొమ్మని ఇప్పుడు నేను నిస్సంకోచంగా చెప్పగలను. ఉదయం రౌండ్ ముగిశాక వెళ్లండి, డాక్టరును కలవండి, తరువాతి టీకా తేదీని కార్డు మీద రాయించుకోండి. రెండో డాక్టరు కావాలన్న అభ్యర్థన పత్రం కార్యాలయం బల్ల మీద ఉంది. దాని మీద సంతకం కూడా చేసి రండి.